బొల్లికి మూడు బిస్కట్లు

మన పంచాంగంలో చాలా జీవాలకి ఒక రోజంటూ ఉంది. నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తాం. ఏరువాక పున్నమికి ఎద్దుల కొమ్ములకి రంగులేస్తాం. కనుమ మొత్తం పశువులదే. పెద్దలకి పెట్టుకున్న రోజు కాకి వచ్చి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ గోడ వైపు చూస్తూ నిలబడతారు. వాకిట్లో ముగ్గు బియ్యప్పిండితో వెయ్యడం చీమల కోసమేనని మా నాయనమ్మ చెప్పేది. ఇంతమందిని గుర్తుపెట్టుకున్న మనం కుక్కని మాత్రం ఎక్కడా చేర్చలేదు. ఆవూ మేకా కోడీ మన గడప తొక్కక వేల ఏళ్ళ ముందే మనతో కలిసి నడిచిన జంతువు అది.

నేపాల్ వాళ్ళు చేర్చారు. మనకి దీపావళి వచ్చే రోజుల్లోనే వాళ్ళకి తిహార్ అని ఐదు రోజుల పండగ. మొదటి రోజు కాకిది, రెండో రోజు కుక్కది, మూడో రోజు ఆవుది. కుకుర్ తిహార్ నాడు పెంపుడు కుక్కా వీధి కుక్కా తేడా లేకుండా మెడలో బంతిపూల దండ వేసి, నుదుట బొట్టు పెట్టి, మంచి తిండి పెడతారు. కుక్క యముడి వాకిట కాపలా ఉంటుందని నమ్మకం. మనకీ అటువంటి నమ్మకాలు లేకపోలేదు. కాలభైరవుడి వాహనం కుక్కే. మా పశ్చిమ ప్రకాశంలోనే సి.ఎస్.పురం మండలంలో భైరవకోన ఉంది. కొండ తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలు. క్షేత్రపాలకుడు భైరవుడి పేరే ఆ కోనకి. ఇంకొంచెం పడమరకి, కర్ణాటకలోకి వెళితే, మైలార దేవుణ్ణి కొలిచే గొరవయ్యలు దేవుడి కుక్కలమని చెప్పుకుని, మొరుగుతూ దోణెలో పెట్టిన ప్రసాదం తింటారు. అంటే దేవుడి పక్కన కుక్కకి చోటుంది. పండగ పూట వంటింటి గుమ్మం దగ్గర మాత్రం లేదు. అక్కడ దాని భాగం ఏదైనా ఉంటే అది అందరూ తిన్నాక విస్తళ్ళలో మిగిలింది.

ఈ సంక్రాంతికి కురిచేడులో మా ఇంట్లో ఒక కుక్క కోసం విడిగా పిండి కలిపాం. ఆ సంగతి రాద్దామని మొదలుపెట్టాను.

కుక్క పేరు బొల్లి. నల్లటి ఒంటి మీద మెడ దగ్గర తెల్లటి మచ్చ. పదేళ్ళుంటాయేమో. నాన్న రైల్వేలో ట్రాక్ మీద పనిచేసేవారు. రిటైరవడానికి ఏడాది ముందు ఒక రాత్రి డ్యూటీ నుంచి వస్తుంటే స్టేషన్ దగ్గర్నుంచి ఇంటిదాకా వెంబడి వచ్చిందట. ఆయన వెనక్కి తిరిగి అదిలిస్తే ఆగేదట, నడిస్తే నడిచేదట. మర్నాడు పొద్దున అమ్మ తలుపు తీసేసరికి గడప అవతల పడుకుని ఉంది. అమ్మ మాటల్లో చెప్పాలంటే, "మనం పెంచుకోలేదు, అదే మనల్ని పెంచుకుంది". నాన్న పోయి రెండేళ్ళయింది. గుంటూరు వైపు పోయే బండి కూత వినపడగానే బొల్లి ఇప్పటికీ లేచి స్టేషన్ వైపు వెళుతుంది. ఇది విన్న మా ఆఫీసు మిత్రులకి కళ్ళు చెమర్చాయి. జపాన్ హచికో కథ గుర్తు చేసుకున్నారు. అమ్మని అడిగితే, "హచ్చికో లేదు, తుమ్మూ లేదు, ఆ బండి వచ్చే టయానికి టిఫిన్ బండి వాడు మిగిలిన ఇడ్లీలు పారేస్తాడు" అంది. రెండు కారణాలూ ఉండొచ్చని నా అభిప్రాయం. మనుషులు కూడా గుడికి ఒక్క కారణంతోనే వెళ్ళరు.

నేను హైదరాబాదులో ప్రోగ్రాములు రాసుకుని బతుకుతాను. మా అపార్టుమెంటు సముదాయానికి నడిచే దూరంలో కుక్కల కోసమే ఒక బేకరీ ఉంది. క్రిస్మస్ వారంలో అద్దాల వెనక ఎముక ఆకారంలో బిస్కట్లు, చెట్టు ఆకారంలో కేకులు పెట్టారు. ఎర్ర టోపీ పెట్టిన లాబ్రడార్ ఫోటో కింద పుట్టినరోజు ఆర్డర్లు తీసుకుంటామని రాసి ఉంది. అక్కడ ఒక చిన్న కేకు ఖరీదు మా అమ్మ వారం రోజుల కూరగాయల ఖర్చు. చూడగానే నాకూ మీలాగే నవ్వొచ్చింది, ఆ తర్వాత కొంచెం కోపమొచ్చింది. ఆ కోపం ఎవరి మీదో తేల్చుకోవాలనిపించి ఈ కుక్క బిస్కట్టు ఎక్కడ మొదలైందో చదివాను.

1860ల్లో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ వ్యాపారి లండన్ వచ్చాడు. పిడుగుపాటుని ఆపే కడ్డీలు అమ్ముకునేవాడు. రేవులో ఓడల వాళ్ళు పారేసే గట్టి రొట్టెముక్కల కోసం కుక్కలు కొట్టుకోవడం చూసి, గోధుమలు, కూరగాయలు, బీట్‌రూట్, ఎండబెట్టిన మాంసం కలిపి కుక్కల కోసమే బిస్కట్టు తయారు చేయించాడట. దొరల వేట కుక్కలకి అది బాగా అమ్ముడుపోయింది. ఆ కంపెనీలో పనిచేసిన చార్లెస్ క్రఫ్ట్ అనే కుర్రాడే తర్వాత, 1891లో, తన పేరు మీద కుక్కల ప్రదర్శన మొదలుపెట్టాడు. ఇప్పటికీ అది జరుగుతోంది.

ఈ తేదీల పక్కన మన తేదీలు పెట్టి చూసుకుంటే మనసు మరోలా అయిపోతుంది. 1876–78 మన వైపు ధాత కరువు కాలం. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలమంది చచ్చిపోయారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో కూలికి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన కాసిని డబ్బులు చాలని తేల్చాడు. పౌను అంటే మన లెక్కలో 450 గ్రాములు. ఎండలో మట్టి మోసే మనిషికి అది. ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే పని తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మంది ఆయన దగ్గర బాప్తిస్మం తీసుకున్న సంగతి మా జిల్లా చరిత్రలో అందరికీ తెలిసిందే. మా వైపు పల్లెల్లో క్రిస్మస్ స్టార్ వేలాడే ఇళ్ళు ఇన్ని ఉండటం వెనక ఆ రోజులున్నాయి. లండన్‌లో కుక్కకి మాంసం కలిపిన బిస్కట్టు, ఇక్కడ మనిషికి పౌను ధాన్యం. ఒకే దొరతనం, ఒకే పదేళ్ళ కాలం.

అందుకని కుక్కకి బిస్కట్లు చేస్తానంటే మా వైపు పెద్దవాళ్ళు ముఖం చిట్లిస్తే నాకు తప్పనిపించదు. మాది వాన కోసం మొగం వాచిన నేల. సాగర్ కాలువ వచ్చిన చోట వచ్చింది, రాని చోట కందీ సజ్జా పత్తీ, లేదంటే వలస. మా నాయనమ్మ వరిగన్నం తిని పెరిగిన మనిషి, పండగపూట మాత్రమే వరన్నం చూసింది. ఆ ఇంట్లో కుక్కకి ప్రత్యేకంగా వండటమంటే తినేవాళ్ళ ముందు వెక్కిరింతలాంటిది. అయితే ఆ నాయనమ్మే పొయ్యి మీద నుంచి సంగటి దించగానే ఒక చిన్న ముద్ద తీసి పక్కన పెట్టడం నేను చూశాను. అది చల్లారాక కుక్కకి. ఎందుకని అడిగితే, "వేడిది పెడితే నాలుక కాలదూ?" అనేది. నేనడిగింది అది కాదు. ఆమెకి మాత్రం అదే అసలు ప్రశ్న.

ఆ ముద్ద వెనక సైన్సు కూడా ఉంది. తోడేలు నుంచి కుక్క విడిపోయాక దాని ఒంట్లో వచ్చిన పెద్ద మార్పుల్లో ఒకటి పిండిపదార్థం అరిగించుకోవడం. 2013లో నేచర్ పత్రికలో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైముకి సంబంధించిన జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయి. అంటే మనం వ్యవసాయం నేర్చుకుని గింజలు తినడం మొదలుపెట్టాక, మన గింజలు తినగలిగిన కుక్కలే మన దగ్గర నిలిచాయి. మన సంగటి ముద్ద కుక్క ఒంట్లోకి అంత లోతుగా వెళ్ళింది. దాన్ని మాంసాహారి అని మాత్రమే అనుకుని వేలు పోసి పొట్లాలు కొనేవాళ్ళకి ఈ మాట చెప్పాలనిపిస్తుంది.

గింజ పడుతుంది కదా అని పండగ వంట పడదు. ఇంటికి వెళ్ళే ముందు నేను ఒక జాబితా రాసుకున్నాను, అమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలో ఎర్ర కణాలని దెబ్బతీస్తాయి, పచ్చివైనా వండినవైనా. కిస్‌మిస్, ద్రాక్ష మూత్రపిండాలని పాడుచేస్తాయి, ఎంత తింటే ప్రమాదమన్నది ఒక్కో కుక్కకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి అసలు పెట్టకపోవడమే మేలు. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్‌ని కుక్క ఒళ్ళు తొందరగా బయటికి పంపలేదు. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో వేసే జైలిటాల్ చాలా కొద్దిగా వెళ్ళినా రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. వండిన ఎముకలు చీలికలుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. నూనె ఓడే పిండివంటలు క్లోమానికి మంచివి కావు.

అమ్మ అంతా విని, "అట్టయితే కనుమ నాడు దానికి ఉపాసమే గదరా" అంది.

నిజమే. డిసెంబరులో వీధిలో పంచే ప్లమ్ కేకులో కిస్‌మిస్. భోగినాడు నూనెలో వేయించిన అరిసెలు. కనుమ నాడు మినుము తినాలని గారెలు, అందులో ఉల్లిపాయ, పక్కన అల్లం వెల్లుల్లి దట్టించిన కోడికూర, తిన్నాక ఎముకలు. కుక్క మీద ప్రేమతో ఒక విస్తరి నిండా ఇవన్నీ వేసి వాకిట్లో పెట్టే రోజు అదే. పల్లెటూళ్ళో కుక్కలు ఇవి తింటూనే బతుకుతున్నాయి కదా అనొచ్చు. బతికినవే మనకి కనపడతాయి. పండగ దాటాక రెండు రోజులు గడ్డివామి కింద ముడుచుకుని పడుకున్న కుక్క గురించి ఎవరూ లెక్క రాయరు.

సరే, ఇక చేసిన పని. వినుకొండలో బస్సు దిగి ఇంటికొచ్చేసరికి తెల్లారింది. మా ఇంట్లో ఓవెన్ లేదు. కానీ మా వైపు ఇళ్ళలో ఓవెన్ లేకుండా కేకులు ఎప్పటినుంచో అవుతున్నాయి. పాత కుక్కర్ అడుగున ఒక అంగుళం మందాన ఇసకో గళ్ళ ఉప్పో పోసి, మీద ఒక రింగు పెట్టి, గ్యాస్కెట్టూ వెయిట్టూ తీసేసిన మూత పెట్టి పది నిమిషాలు వేడెక్కిస్తే అదే ఓవెన్. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇసక ఇంకా పెరట్లో ఉంది. అమ్మ దాన్ని జల్లించి, కడిగి, ఎండబెట్టి ఉంచింది. ఫోన్లో వెక్కిరించిన మనిషే.

పిండి 200 గ్రాముల సజ్జపిండి. వేయించి పొట్టు తీసి దంచిన వేరుశనగ గుళ్ళు 30 గ్రాములు. తియ్య గుమ్మడికాయ ఉడికించి మెదిపింది 100 గ్రాములు. ఒక గుడ్డు. ఉప్పు, బెల్లం, చక్కెర ఏమీ లేవు. నీళ్ళు కొంచెం కొంచెంగా చిలకరిస్తూ కలపాలి, ఎందుకంటే గుమ్మడికాయలోనే చాలా నీరుంటుంది. సజ్జలో గోధుమలో ఉండే జిగట ఉండదు కాబట్టి పిండి చపాతీలా సాగదు, అంచులు విచ్చిపోతాయి. గుడ్డూ గుమ్మడీ వెయ్యడం అందుకే. నలభై ముక్కలు చేశాం. సగం కుక్కర్లో సన్న సెగ మీద నలభై నిమిషాలు. ఇవి గట్టిగా, అంచులు గోధుమరంగు తిరిగి, గలగలమంటూ వచ్చాయి. బొల్లికి వెనక పళ్ళు అరిగిపోయాయి కాబట్టి మిగిలిన సగం కుడుముల్లా ఆవిరి మీద ఉడికించాం. గట్టివి డబ్బాలో పదిరోజులుంటాయి, కుడుములు ఆ రోజుకారోజు తినేయాలి.

పండగ ముందు రోజు కావడంతో వంటింట్లో ఇంకో పొయ్యి మీద బెల్లం పాకం. అమ్మ పాకం చూస్తూ, ఉండ కడుతుందా లేదా అని నీళ్ళగిన్నెలో చుక్కలు వేసుకుంటూ, మధ్యలో నా పిండి వైపు ఒక చూపు. "ఉప్పు లేదు, బెల్లం లేదు. మీ నాన్నకి షుగరొచ్చినప్పుడు నేను చేసి పెట్టిందీ ఇదేరా. ఆయన తినలా." నేను మాట్లాడలేదు. "ఇదన్నా తింటదేమో చూద్దాం" అంది మళ్ళీ తనే.

ఎన్ని పెట్టాలన్నది నా వృత్తికి తగిన ప్రశ్న. మాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త 1932లో జంతువుల బరువుకీ అవి ఖర్చుచేసే శక్తికీ మధ్య ఒక సంబంధం చూపించాడు. పశువైద్యులు ఇప్పటికీ దాని మీద ఆధారపడే లెక్క కడతారు. బరువుని 0.75 ఘాతానికి పెంచి 70తో గుణిస్తే, ఊరికే పడుకున్న కుక్కకి రోజుకి కావలసిన కేలరీలు. బొల్లిని పక్కింటి వాళ్ళ పత్తి కాటా మీద నిలబెట్టాం. పదిహేను కిలోలు తూగింది. పత్తి కొనేవాళ్ళలా కిలో తరుగు తీసెయ్యమని ఎవరో అన్నారు. పదిహేను కిలోలకి సుమారు 530 కేలరీలు. కాస్త అటూ ఇటూ తిరిగే ముసలి కుక్క కాబట్టి దాన్ని 1.4తో గుణిస్తే 750. చిరుతిళ్ళు రోజు మొత్తంలో పదో వంతు మించకూడదంటారు, అంటే 75. మా నలభై ముక్కల్లో ఒక్కోదానికీ దాదాపు 24. రోజుకి మూడు.

ఈ లెక్కంతా కాగితం మీద చూపిస్తే అమ్మ, "మూడు అని నేను చూడంగానే చెప్పేదాన్ని" అంది.

బొల్లి తిన్నది. మొదటి కుడుము నోట కరుచుకుని తులసికోట వెనక్కి తీసుకెళ్ళి, నేల మీద పెట్టి, కాసేపు వాసన చూసి, మా వైపు ఒకసారి చూసి తిన్నది. అంతకు మించి చెప్పడానికేం లేదు. కుక్కలు పొగడవు.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ తర్వాత అమ్మ అన్నమాట. "ఎంగిలి కానిది తినడం ఇదే మొదటిసారి దానికి." నాయనమ్మ పక్కన పెట్టిన ముద్ద గుర్తొచ్చింది గానీ ఆమె పోయి చాలాకాలమైంది, బొల్లి ఆమెను ఎరగదు. మన ఇళ్ళలో ఎంగిలి అన్న మాటకి ఉన్న బరువు మనందరికీ తెలుసు. ఎవరి ఎంగిలి ఎవరు తినొచ్చు అన్నదాని మీద ఇళ్ళూ, ఊళ్ళూ, వాడలూ విడిపోయాయి. మనుస్మృతిలో గృహస్థుడు రోజూ చేయాల్సిన భూతయజ్ఞంలో కుక్కలకీ, పతితులకీ, శ్వపచులకీ, కాకులకీ, పురుగులకీ నేల మీద మెల్లగా అన్నం పెట్టమని ఉంది. పెట్టమనడం మంచిదే. కానీ ఆ వరసలో ఎవరి పక్కన ఎవరిని నిలబెట్టారో చూడండి. శ్వపచుడంటే నిఘంటువు ప్రకారం కుక్కని వండుకునేవాడు. ఒక మనుషుల గుంపుకి పెట్టిన పేరది. కుక్కని తక్కువ చేయడం ఎప్పుడూ కుక్క దగ్గరే ఆగలేదు. కుక్క బతుకు, కుక్క చావు, కుక్కలా పడుండటం వంటి మాటలు మనం వాడేది మనుషుల మీదే. బంగారు సింహాసనం ఎక్కించినా కుక్క గుణం మారదని చెప్పే శతక పద్యం బళ్ళో పిల్లలందరికీ వచ్చు. ఆ పద్యం కుక్కల గురించి కాదని కూడా పిల్లలకి తొందరగానే అర్థమవుతుంది.

భారతం ఈ విషయంలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఆదిపర్వం మొదట్లోనే ఒక కుక్క వస్తుంది. జనమేజయుడి యాగశాల దగ్గర ఆడుకుంటున్న కుక్కపిల్లని ఆయన తమ్ముళ్ళు కొడతారు. తల్లి సరమ వచ్చి, నా బిడ్డ ఏం తప్పు చేశాడని నిలదీస్తుంది. సంస్కృత మూలంలో ఆ పిల్ల, నేను హవిస్సు వైపు చూడలేదు, నాకలేదు అని తల్లికి చెప్పుకుంటుంది. అంటే భారతంలో మొదటి తగువు తిండి మీద, ఒక కుక్కని అనుమానించడం మీద. నన్నయ్య ఆ ఘట్టంలో సరమ చేత చెప్పించిన పద్యం మంచీ చెడూ ఆలోచించకుండా బీదల్ని బాధపెట్టేవాళ్ళ గురించి. చివర్లో, తిక్కన తెలుగు చేసిన భాగంలో, ధర్మరాజు వెంట నడిచిన కుక్కకి స్వర్గంలో చోటు లేదంటాడు ఇంద్రుడు. ధర్మరాజు కుక్కని వదలనంటాడు. అక్కడ ఆగి ఉంటే ఎంత బావుండేది! వెంటనే ఆ కుక్క యమధర్మరాజుగా మారిపోతుంది. పరీక్ష అయిపోయింది, నెగ్గాడు, కుక్క లేదు. అది నిజంగా కుక్కే అయి ఉంటే ఏం జరిగేదన్న ప్రశ్న మిగిలిపోయింది. సారమేయం అన్న మాట సరమ పేరు నుంచే వచ్చింది. మన భాష తన కుక్కకి ఆ తల్లి పేరు పెట్టింది గానీ ఆమె అడిగిన ప్రశ్నని అంతగా గుర్తుపెట్టుకోలేదు.

పుస్తకాల్లో ప్రశ్న ఎక్కడో ఒక చోట ఆగుతుంది. మా వీధిలో ఆగలేదు. పోయిన అక్టోబరులో పక్కవీధి పిల్లవాణ్ణి స్టేషన్ వైపు తిరిగే ఒక కుక్క పిక్క మీద కరిచింది. ఏడేళ్ళ పిల్లాడు. టీకాలన్నీ వేయించారు, బాగానే ఉన్నాడు. కానీ రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచేవాడని వాళ్ళమ్మ చెప్పింది. కరిచింది బొల్లి కాదని అందరికీ తెలుసు. అయినా ఆవిడ మా గుమ్మంలో నిలబడి, "అత్తా, నువ్వు తిండి పెట్టబట్టే గదా ఇయ్యన్నీ ఈ వీధికి చేరతండాయి" అంది. అమ్మ ఏమీ అనలేకపోయింది. ఆవిడ అన్నదాంట్లో నిజముంది. 2023లో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లవాణ్ణి వీధికుక్కలు చంపేసిన వీడియో చూసినవాళ్ళెవరూ కుక్కల మీద ప్రేమ గురించి తేలిగ్గా మాట్లాడలేరు. నేనూ మాట్లాడలేను.

2025లో సుప్రీంకోర్టులో జరిగింది ఈ తగువే. ఆగస్టు 11న ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమన్నారు. ఆగస్టు 22న దాన్ని సవరించి, ఆపరేషను చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలమన్నారు, రేబిస్ ఉన్నవాటినీ మీద పడేవాటినీ తప్ప. తిండి పెట్టడానికి విడిగా చోట్లు చూపించమన్నారు. నవంబరు 7న బళ్ళు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కలని తీసేయమని, అక్కడ మళ్ళీ వదలొద్దని దేశమంతటికీ ఆదేశించారు. అమ్మ ఆ వార్త టీవీలో చూసి నాకు ఫోన్ చేసింది. బొల్లి స్టేషన్ కుక్కా, మా కుక్కా అన్నది ఆమె అనుమానం. మెడలో పట్టీ లేదు. పగలు స్టేషన్లో ఉంటుంది, రాత్రి మా అరుగు మీద ఉంటుంది. చట్టం అడిగితే ఏం చెప్పాలి?

నవంబరు ఆఖరులో వెళ్ళి ఒక పని చేశాం. బొల్లికి రేబిస్ టీకా వేయించి, తోలు పట్టీ కట్టి, టీకా వేసిన తారీకు ఒక డైరీలో రాసిపెట్టాం. ఒక ప్రాంతంలో నూటికి డెబ్బై కుక్కలకి ఏటా టీకా పడితే రేబిస్ వ్యాప్తి తెగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. మా వీధిలో తిరిగేవి తొమ్మిది. అంటే ఏడు వేయించాలి. తిండి అలవాటు చేసినవాళ్ళకే కుక్క దొరుకుతుంది, పట్టుకోనిస్తుంది. బొల్లి కాక ఇంకో నాలుగింటికి అమ్మ చేతి ముద్ద అలవాటు. ఆ ధైర్యంతోనే వాటికీ వేయించగలిగాం. మొత్తం ఐదు. ఇంకో రెండు దొరకలేదు. తిండి ఇప్పుడు వీధిలో కాకుండా మా పెరటి గేటు లోపల, రోజూ ఒకే టయానికి పెడుతోంది. పిల్లలు బడికి వెళ్ళే వేళా, వచ్చే వేళా కాకుండా చూసుకుంటోంది.

పండగ నాడు ఆ పిల్లవాడి తల్లికి అరిసెలు పంపింది అమ్మ. ఆవిడ చక్రాలు పంపింది. కుక్కల మాట ఇద్దరూ ఎత్తలేదు. పల్లెటూళ్ళో రాజీ ఇంతకంటే గట్టిగా ఉండదు.

ఇక నా సమస్య. అన్నయ్యా నేనూ అమ్మని హైదరాబాదు తీసుకొచ్చేద్దామని ఏడాదిగా అనుకుంటున్నాం. మోకాళ్ళు సరిగ్గా లేవు, రాత్రిపూట ఒక్కతే. అపార్టుమెంటులో కుక్కని పెట్టుకోవచ్చు, నిబంధనలూ ఒప్పుకుంటాయి. కానీ పదేళ్ళు ఊరంతా తిరిగిన కుక్కని ఎనిమిదో అంతస్తులో కట్టేస్తే అది ప్రేమ అవుతుందా అని అమ్మ ప్రశ్న. ఆ ప్రశ్న బొల్లి గురించే కాదని నాకు తెలుసు. ఆమెకీ తెలుసు. మేము బొల్లి గురించే మాట్లాడుకుంటాం, ఎందుకంటే అది తేలిక. "అది ఉన్నన్నాళ్ళు ఈడనే ఉంటాలే" అంటుంది. పదిహేను కిలోల నాటు కుక్క, పదేళ్ళ వయసు. నేను ఆ లెక్క కాగితం మీద వెయ్యలేదు. ఆమె మనసులో వేసుకునే ఉంటుంది.

తిరిగి వచ్చేటప్పుడు గట్టి బిస్కట్లు పదో పన్నెండో డబ్బాలో ఉన్నాయి. రోజుకి మూడే అని మూత మీద స్కెచ్ పెన్నుతో రాశాను. వారం తర్వాత ఫోన్ చేసి ఎలా ఉన్నాయని అడిగితే, నాలుగు రోజుల్లోనే అయిపోయాయి, బాగానే ఉన్నాయంది. ఎవరు తిన్నారని అడిగాను. "దానికి గట్టియ్యి నమలడం అవట్లేదురా, నీళ్ళల్లో నానబెట్టి పెట్టా" అంది. కాసేపాగి, "ఒకటి నేను కూడా తిన్నా. ఏం బాగలేదు. మీ నాన్న తినకపోవడంలో తప్పులేదు" అంది.